డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు: ఒక విజ్ఞాన తపస్వి జీవితం

వర్షాభావానికి పేరుపడిన మన అనంతపురం పీఠభూమిలో వేరుశనగ కాయను ఎరుగని బిడ్డ ఉండడు. తొలకరి పడితే విత్తుతాము. పడకపోతే ఆకాశం వైపు చూస్తాము. ఆ చిన్న గింజ బరువులో ఇంచుమించు సగం నూనే. నీరు కరవైన నేలలో పెరిగిన మొక్క తన సంతానం కోసం ఇంత నూనెను కూడబెట్టి ఉంచడం ప్రకృతి చేసిన ఏర్పాటు. ఆ నూనె మొలకకు తొలి ఆహారం, గృహిణికి వంటింటి సరుకు, రైతుకు సంవత్సరపు ఆశ. తైల పరిశోధనకై ఒక ప్రత్యేక సంస్థ మన పట్టణంలోనే ఉన్నదంటే అందులో ఆశ్చర్యమేమీ లేదు.

ఈ నూనె జాతికి చెందిన పదార్థాలన్నింటినీ కలిపి శాస్త్రజ్ఞులు లిపిడ్లు అంటారు. జీవులు వీటిలో శక్తిని దాచుకొంటాయి. దాచిన ఆ శక్తిని ఏ రూపంలోకి మార్చుకొని ఖర్చు పెట్టుకొంటాయి అన్న ప్రశ్నకు సమాధానం కనుగొన్నవారిలో ఒకరు మన తెలుగువారు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఆయన పేరు పాఠ్యగ్రంథంలో ఒక పద్ధతి పేరుగా మాత్రమే కనిపిస్తుంది. సాహిత్య విద్యార్థులకు అసలే కనిపించదు. మేము తెలుగు బోధించేవారమే గాని శాస్త్రజ్ఞులము కాము. అయినా ఆ పేరు వెనుక ఉన్న మనిషిని ఉభయులకూ పరిచయం చేయవలెనన్న సంకల్పంతో ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి వెంకమ్మగారు. తండ్రి అనారోగ్యంతో ఉద్యోగం మానుకోవలసి రావడంతో ఇల్లు పేదరికంలో పడింది. బాల్యంలో సుబ్బారావుగారికి చదువు మీద కన్న సంపాదన మీదనే ధ్యాస ఎక్కువగా ఉండేదని, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరారని, తల్లి ఆయనను వెనుకకు రప్పించి మళ్ళీ బడిలో కూర్చోబెట్టారని చెబుతారు. ఆ తల్లి తన నగలు అమ్మి కుమారుని చదివించిందని కూడా చెబుతారు.

రాజమహేంద్రవరంలో సాగిన చదువు సజావుగా సాగలేదు. ఇంట్లో వరుసగా సంభవించిన మరణాలు ఆ బాలుని మనస్సును కలచివేశాయి. మెట్రిక్యులేషన్ పరీక్ష రెండుసార్లు తప్పారు. మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుంచి కూర్చొని ఉత్తీర్ణులైనారు. తరువాతి కాలంలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుల సరసన నిలిచి పరిశోధన చేసిన మేధావి, పదవ తరగతి వంటి పరీక్షను మూడవ ప్రయత్నంలో గాని దాటలేదన్న సంగతిని మన విద్యార్థులు గుర్తుంచుకోవలెను.

మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి సుబ్బారావుగారు మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించారు. మిత్రులు, కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు ఆయన చదువుకు ధనసహాయం చేశారు. మూర్తిగారి కుమార్తె శేషగిరిగారినే ఆయన 1919లో వివాహమాడారు. అవి స్వాతంత్ర్యోద్యమపు దినాలు. గాంధీజీ పిలుపును శిరసావహించి సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి సైతం ఖద్దరు దుస్తులతో హాజరయ్యేవారు. అది ఆంగ్లేయుడైన ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్‌కు రుచించలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా వ్రాసినప్పటికీ సుబ్బారావుగారికి పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు. దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే లభించింది. మద్రాసు వైద్య సేవలో ఉద్యోగానికి ప్రయత్నించి విఫలులైనారు.

ఈ దినాలలోనే ఆయన ఇంట మహావిషాదం సంభవించింది. స్ప్రూ అనే జీర్ణవ్యాధికి ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల వ్యవధిలో బలియైనారు. ఆయన కూడా అటువంటి అతిసారానికి లోనై మృత్యుముఖం దాకా వెళ్ళారు. ఆయుర్వేద విద్వాంసులైన డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి చికిత్సతో ప్రాణం దక్కించుకొన్నారు.

ఈ వ్యాధి స్వరూపం తెలిస్తే గాని సుబ్బారావుగారి జీవితకార్యం మనకు పూర్తిగా బోధపడదు. అందుకు లిపిడ్లను గురించి కొంత చెప్పుకోవలసి ఉన్నది. లిపిడ్లు నీటిలో కరగవు. ఈథర్, క్లోరోఫారం వంటి ద్రావకాలలో కరుగుతాయి. వీటిలో మొదటి తరగతి మన ఇళ్ళలో తేల్ అని, చర్బీ అని పిలుచుకొనే నూనెలు, క్రొవ్వులు. ఒక గ్లిసరాల్ అణువుకు మూడు క్రొవ్వు ఆమ్లాలు చేరితే ఒక క్రొవ్వు అణువు ఏర్పడుతుంది. ఆ ఆమ్లాలలో ద్విబంధాలు ఎక్కువగా ఉంటే అది వేరుశనగ నూనె వలె ద్రవంగా ఉంటుంది. తక్కువగా ఉంటే నెయ్యి వలె పేరుకొంటుంది. ఒక గ్రాము పిండిపదార్థం సుమారు 4 కేలరీల శక్తినిస్తే, ఒక గ్రాము క్రొవ్వు సుమారు 9 కేలరీలు ఇస్తుంది. తక్కువ చోటులో ఎక్కువ శక్తిని నిలువ చేయడానికి ఇంతకన్న అనువైన పదార్థం జీవులకు లేదు.

రెండవ తరగతి ఫాస్ఫోలిపిడ్లు. ఇందులో మూడవ క్రొవ్వు ఆమ్లం స్థానంలో భాస్వరంతో కూడిన భాగం ఉంటుంది. ఆ భాగం నీటిని ప్రేమిస్తుంది. క్రొవ్వు ఆమ్లాల తోకలు నీటిని ద్వేషిస్తాయి. అందువల్ల ఈ అణువులు తలలను నీటివైపుకు, తోకలను లోపలికి పెట్టుకొని రెండు వరుసలుగా నిలుస్తాయి. మన దేహంలోని ప్రతి కణాన్ని చుట్టి ఉన్న త్వచం ఈ విధంగా నిర్మితమైనదే. ఇది లేనిదే కణానికి లోపల, వెలుపల అన్న భేదం ఉండదు. ఇవి గాక ఆకులపై నీటిని ఆవిరి కాకుండా కాపాడే మైనాలు, కొలెస్ట్రాల్, దాని నుంచి పుట్టే హార్మోన్లు కూడా లిపిడ్లలో చేరినవే. ఎ, డి, ఇ, కె విటమిన్లు క్రొవ్వులో కరిగి క్రొవ్వుతో పాటు దేహంలో ప్రవేశిస్తాయి.

మనం తిన్న క్రొవ్వును పైత్యరసం సన్నని బిందువులుగా విడగొడుతుంది. లైపేజ్ అనే ఎంజైము విచ్ఛిన్నం చేస్తుంది. చిన్నప్రేగు లోపలి మృదువైన చూషకాలు దానిని పీల్చుకొంటాయి. స్ప్రూ వ్యాధిలో ఈ చూషకాలు అరిగిపోతాయి. తిన్న క్రొవ్వు దేహానికి అంటక మలంతో బయటికి పోతుంది. దానితో పాటు విటమిన్లు పోతాయి. రక్తహీనత వచ్చి రోగి కృశించిపోతాడు. ఎదుట ఆహారం ఉండి కూడా మనిషి ఆకలిచావు చస్తాడు. సుబ్బారావుగారు తన సోదరుల విషయంలో కన్నులారా చూసినది ఈ దృశ్యమే. దానికి మందు వెదకవలెనన్న తపన ఆయనను తుదివరకు విడువలేదని ఆయన చరిత్ర తెలిసినవారు చెబుతారు.

కొంతకాలం ఆయన లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్రం బోధించారు. ఆయుర్వేద ఔషధాలను ఆధునిక పరీక్షకు నిలబెట్టవలెనని ఆశించారు. ఒక అమెరికన్ వైద్యునితో తటస్థపడిన పరిచయం వల్ల ఆయన దృష్టి హార్వర్డ్ వైపు మళ్ళింది. కాని ఓడ ఖర్చుకే చేతిలో పైకం లేదు. అప్పుడు ఆదుకొన్నది కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ. సత్యలింగం నాయకర్‌గారు పేదరికంలో పుట్టి, బర్మా దేశంలో వర్తకం చేసి గడించిన ఆస్తిని విద్యాదానానికి వ్రాసియిచ్చిన పుణ్యపురుషులు. ఆ సంస్థ చేసిన వాగ్దానం, మామగారు కూడగట్టిన ధనం కలిసి సుబ్బారావుగారిని సముద్రం దాటించాయి. 1922 అక్టోబరు 26వ తేదీన ఆయన బోస్టన్ నగరంలో అడుగుపెట్టారు. భార్య మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. ఆయన మరల స్వదేశానికి రానేలేదు.

అమెరికాలో వైద్యవృత్తి చేయడానికి ఆయనకు అర్హత లేదు. ఆసుపత్రిలో రాత్రివేళ చిన్న పనులు చేసి పొట్ట పోసుకొంటూ పగలు హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధులను గురించి చదివి డిప్లొమా పొందారు. తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుని వద్ద చేరారు. రక్తంలోను, మూత్రంలోను, కణజాలంలోను ఎంత భాస్వరం ఉన్నదో కొలిచే సులభమైన పద్ధతి ఒకటి కావలసి ఉన్నది. అదే ఆయనకు అప్పగించబడిన పని.

ఆ పద్ధతి చెప్పడానికి సరళమైనది. ఆమ్లంలో ఉన్న ఫాస్ఫేటుకు మాలిబ్డేటును కలుపుతారు. ఏర్పడిన సంయుక్త పదార్థాన్ని తగిన రసాయనంతో క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువ ఉంటే నీలిమ అంత గాఢంగా ఉంటుంది. ఆ రంగును ప్రమాణ ద్రావణపు రంగుతో పోల్చితే భాస్వరం పరిమాణం తెలుస్తుంది. 1925లో ప్రకటితమైన ఈ పద్ధతి ఫిస్క్–సుబ్బారావు పద్ధతిగా లోకప్రసిద్ధమైంది. ఫాస్ఫోలిపిడ్లలో భాస్వరం సుమారు నూటికి 4 వంతులు ఉంటుంది. కనుక కణత్వచంలోని లిపిడ్లను కొలవవలెనంటే వాటిని దహించి, మిగిలిన భాస్వరాన్ని కొలిచి, 25తో గుణిస్తే చాలును. 1959లో బార్ట్‌లెట్ ఈ పద్ధతినే సవరించి ఫాస్ఫోలిపిడ్ల పరిశోధనకు మరింత అనువుగా చేశారు. ఈనాటికీ జీవరసాయన ప్రయోగశాలలలో ఆ నీలిరంగును విద్యార్థులు చూస్తూనే ఉన్నారు. పైకి చిన్నదిగా కనిపించే పని ఎంతటి దీర్ఘాయుష్షు గలది కాగలదో చూడండి!

చేతిలో మంచి కొలబద్ద ఉన్నవానికి ఇతరులకు కనబడనిది కనబడుతుంది. కండరంలోని భాస్వరాన్ని కొలుస్తుండగా నీలిరంగు ఒక్కసారిగా రాక నెమ్మదిగా పెరుగుతూ పోవడం ఫిస్క్, సుబ్బారావుల దృష్టికి వచ్చింది. ఏదో ఒక అస్థిర పదార్థం విచ్ఛిన్నమౌతూ భాస్వరాన్ని విడుదల చేస్తున్నదని వారు గ్రహించారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని ప్రకటించారు. ఇంచుమించు అదే సమయంలో ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా దానిని కనుగొన్నారు. అంతవరకు కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని తలచేవారు. ఆ రంగంలో కృషికే 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి హిల్, మయర్‌హాఫ్‌లకు లభించింది. ఆ భావన ఇప్పుడు కదిలిపోయింది.

1929లో మరొక మహావిషయం వెలువడింది. అది అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, అనగా ఎ.టి.పి. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే సంవత్సరం స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. ఇదే జీవకణాల చెలామణి నాణెం. మన దేహంలో నిలువ ఉన్న క్రొవ్వు పొలంలో పాతిపెట్టిన బంగారం వంటిది. అంగడిలో నేరుగా చెల్లదు. కణం మొదట ఎ.టి.పి.ని కొంత వెచ్చించి క్రొవ్వు ఆమ్లాన్ని చైతన్యవంతం చేస్తుంది. పిదప దానిని రెండేసి కార్బన్ల చొప్పున ఖండిస్తూ పోయి ఆక్సీకరణం చేసి, పెట్టిన దానికి ఎన్నో రెట్లు ఎ.టి.పి.ని తిరిగి రాబడుతుంది. ఒక్క పామిటిక్ ఆమ్ల అణువు నుంచి నూరుకు పైగా ఎ.టి.పి. అణువులు లభిస్తాయి. రైతు నాగలి పట్టినా, కూలివాడు మూట ఎత్తినా, విద్యార్థి పుస్తకం మీద ఆలోచించినా ఖర్చయ్యేది ఈ నాణెమే.

1930లో సుబ్బారావుగారికి పిహెచ్.డి. లభించింది. అయితే హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. ఆయన చేసిన పనిలో కొంత వెలుగు చూడకుండానే పోయిందని, దానిని ఇతరులు తరువాత మరల కనుగొనవలసి వచ్చిందని సహచరులు చెప్పుకొన్నారు. 1940లో ఆయన న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. అక్కడ పరిశోధనకు నాయకత్వం వహించిన ఎనిమిది సంవత్సరాలు ఆయన జీవితంలో ఫలించిన కాలం.

లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో గర్భవతుల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారంలో దానిని నయం చేసే పదార్థం ఏదో ఉన్నదని 1931లో ప్రకటించింది. ఆ పదార్థమే ఫోలిక్ ఆమ్లం. సుబ్బారావుగారి నాయకత్వంలోని బృందం 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసింది. ఆ వెంటనే వైద్యులు దానిని స్ప్రూ రోగులకు ఇచ్చి చూడగా వారి రక్తం పుంజుకొన్నది. అదే సంవత్సరం ఆయన ఆధ్వర్యంలోనే, డెబ్బయి ఏండ్లు దాటిన బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ ఔషధాలకు అది మొదటిది. నేడు ఉష్ణమండల స్ప్రూ రోగికి వైద్యులు ఇచ్చే ముఖ్య చికిత్స ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. రెండింటి వెనుకా ఉన్నది సుబ్బారావుగారి ప్రయోగశాలే. తన సోదరులను ఏ వ్యాధి పొట్టన పెట్టుకొన్నదో ఆ వ్యాధికి రెండు మందులనూ ఆయన లోకానికి అందించగలిగారు.

అంతటితో ఆగలేదు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పనికి అడ్డుపడే పదార్థాలను ఆయన బృందం తయారుచేసింది. వాటిలో అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్‌తో బాధపడే 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టిందని 1948లో ప్రకటించారు. క్యాన్సర్ మందుల చరిత్రలో అదొక నూతనాధ్యాయం. దాని సోదర ఔషధమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది. బోదకాలు వ్యాధికి కారణమైన క్రిములపై పనిచేసే హెట్రజాన్ 1947లో వెలువడింది. డి.ఇ.సి. అనే పేరుతో ఆ మాత్రనే మన దేశంలో బోదకాలు నిర్మూలన కార్యక్రమం క్రింద ఇంటింటా పంచుతున్నారు. దానిని మ్రింగేవారిలో ఎందరికి అది ఒక తెలుగువాని కృషి ఫలమని తెలుసు?

1948 ఆగస్టులో, యాభైమూడవ ఏట, సుబ్బారావుగారు నిద్రలోనే గుండెపోటుతో కన్నుమూశారు. ఆయన తన పేరు కన్న తన బృందం పేరు ముందుంచేవారు. అనేక ఆవిష్కరణల పత్రాలలో సహచరుల పేర్లే ఉండి ఆయన పేరు లేకపోవడానికి అదొక కారణం. 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని పేరుపెట్టి లెడర్లీ శాస్త్రజ్ఞుడు ఒకరు గురుదక్షిణ చెల్లించారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మృత్యర్థం తపాలాబిళ్ళ విడుదల చేసింది. ఆయన చేసిన సేవకు ఈ గౌరవం చాలదని మా అభిప్రాయం.

ఈ జీవితం నుంచి మనం నేర్వవలసినది ఏమి? మన కళాశాలలో చేరే విద్యార్థులలో పలువురు కుటుంబంలో కాలేజీ మెట్టు ఎక్కిన మొదటివారు. కొందరు ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చి ఇక్కడి పాఠాలతో మొదట తడబడతారు. వానలు లేని సంవత్సరం వస్తే చదువు మాని పనికై బెంగుళూరు దారి పట్టేవారూ ఉన్నారు. ఒక పరీక్ష తప్పగానే తమకు విద్యాయోగం లేదని నిశ్చయించుకొనేవారు ఉన్నారు. అట్టివారు మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పిన సుబ్బారావుగారిని స్మరించవలెను. పట్టా తగ్గించి ఇచ్చినా, ఉద్యోగం నిరాకరించినా, పదవి దక్కకపోయినా ఆయన చేతిలోని పనిని విడువలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు కూడా ఒక మనవి. తల్లి నగలు, మామగారి సహాయం, ఒక వర్తకుడు వ్రాసియిచ్చిన ధర్మనిధి, ఈ మూడింటిలో ఏ ఒక్కటి సమయానికి అందకపోయినా సుబ్బారావుగారు బోస్టన్ చేరి ఉండేవారు కారు. సత్యలింగం నాయకర్‌గారు తమ ధనంతో చదువుకొన్న ఆ యువకుని ఎన్నడూ చూడలేదు. అతని వల్ల ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో ఊహించి ఉండరు. అయినా వారు నిధిని ముందుగానే నిలిపి ఉంచారు. చందాలతో, దాతల ఔదార్యంతో నడిచే విద్యాసంస్థలకు ఈ మాట విశేషించి చెప్పనక్కరలేదు. కరువు సంవత్సరంలో ఫీజు కట్టలేక పేరు కొట్టివేయబడే విద్యార్థి కోసం శాశ్వత సహాయనిధి ఒకటి ఏర్పడితే, సుబ్బారావుగారి వంటి మహనీయునికి మన ప్రాంతం అర్పించగల నివాళి అంతకన్న వేరొకటి లేదని మేము విన్నవించుకొంటున్నాము.